నగ్గర్ కోట: మనాలీ నుంచి ఒక పూట చూసి రావాలా, అక్కడే ఒక రాత్రి ఉండాలా?

అనంతపురం, కడప, కర్నూలు ఊళ్ల నుంచి కులూ-మనాలీ వెళ్లే కుటుంబాలకు ట్రావెల్స్ వాళ్లు ఇచ్చే పట్టికలో నగ్గర్ కోట సాధారణంగా మూడో రోజో నాలుగో రోజో, ఉదయం టిఫినుకూ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది. ఒక గంట చూపించి, ఫోటోలు దిగనిచ్చి, అక్కడి నుంచి కులూ శాలువాల దుకాణాలకు తీసుకుపోతారు. అలా చూసి వచ్చినవాళ్లలో చాలామంది, "అదేం కోట, మన గుత్తి కోటలో ఒక బురుజంత లేదు" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే లోపం కోటది కాదు, దాన్ని చూసిన వేళదీ, చూడబోతున్నది ఏమిటో ముందు తెలియకపోవడానిదీ. కనుక ఒక పూటలో చూసి రావడమా, కోటలోనే గది తీసుకోవడమా, నగ్గర్ ఊళ్లో బస చేసి తీరిగ్గా చూడటమా అన్న మూడు మార్గాలలో ఏది ఎవరికి నప్పుతుందో చెప్పడానికి ముందు, ఆ కట్టడం ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఇది దుర్గం కాదు, రాజుగారి ఇల్లు

కోట అనగానే మన ప్రాంతం వారికి కొండ చుట్టూ పాములా మెలికలు తిరిగే ప్రాకారాలు, ఏనుగు పట్టే సింహద్వారాలు, బురుజులు, కొండమీద నీటి గుండాలు మనసులో మెదులుతాయి. గుత్తి, పెనుకొండ, గండికోట, ఆదోని అన్నీ యుద్ధం కోసం కట్టినవి. నగ్గర్‌లో ఇవేవీ ఉండవు. బియాస్ నది ఎడమ ఒడ్డున, లోయకు ఎగువన కొండవాలు మీద, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున, అంటే మన హార్స్‌లీ కొండల కంటే దాదాపు ఐదు వందల మీటర్లు పైన, ఒక నడిమి వాకిలి చుట్టూ కట్టిన రాజనివాసం అది. పోల్చదలచినవారు దాన్ని గుత్తి కోటతో కాక పెనుకొండలోని గగన్ మహల్‌తో పోల్చుకుంటే సరిగ్గా ఉంటుంది.

సుమారు 1460లో కులూ రాజు సిధ్ సింగ్ దీన్ని కట్టించాడని అక్కడి సంప్రదాయం. పదిహేడో శతాబ్దంలో రాజా జగత్ సింగ్ రాజధానిని నేటి కులూ పట్టణంలోని సుల్తాన్‌పూర్‌కు మార్చేదాకా ఈ రాజ్యానికి నగ్గరే ముఖ్యపట్టణం. ఆ తరువాత రాజులకు ఇది వేసవి విడిది అయింది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ అధికారి మేజర్ హే చేతికి వచ్చింది. రాజు ఒక తుపాకీ పుచ్చుకుని కోటను ఇచ్చేశాడని అక్కడివారు కథగా చెబుతారు. నిజమో కాదో గానీ, గదులలో కనిపించే చలి పొయ్యిలు, పొగగొట్టాలు ఆ కాలం నాటివే. కొన్నాళ్లు కచేరీగా, కొన్నాళ్లు ప్రభుత్వ బంగళాగా ఉండి, 1978 నుంచి హిమాచల్ ప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో హోటలుగా నడుస్తోంది. చూడటానికి మాత్రమే వచ్చేవారు కొద్దిపాటి టిక్కెట్టు కొని లోపలికి వెళ్లవచ్చు.

అసలు చూడవలసింది గోడ. ఏదైనా ఒక మూల దగ్గర ఆగి, కింది నుంచి పైకి నెమ్మదిగా చూడండి. రెండు దేవదారు దూలాలు పక్కపక్కనే పడుకోబెట్టి ఉంటాయి. వాటి నడుమ చిన్న రాళ్లు కూరి ఉంటాయి. వాటి పైన చదునుగా చెక్కిన రాతి వరస వస్తుంది, దాని పైన మళ్లీ దూలాలు, మళ్లీ రాళ్లు. మూల దగ్గర ఒక గోడ దూలం కొస పక్క గోడ దూలం మీదికి ఎక్కి ఉంటుంది, ఆ పై వరసలో ఆ గోడది ఈ గోడ మీదికి ఎక్కుతుంది. పక్కపక్కన ఉన్న రెండు దూలాలూ విడిపోకుండా అడ్డంగా చెక్క బిగింపులు వేస్తారు. రాళ్ల మధ్య వేలు పెట్టి చూస్తే సున్నమూ తగలదు, మట్టీ తగలదు. కాఠ్‌కుణి అని పిలిచే ఈ పద్ధతిలో గోడను పట్టి ఉంచేది అతుకు కాదు, బరువూ అల్లికా. భూమి కంపించినప్పుడు సున్నంతో బిగిసిన గోడ బీటలు వారుతుంది. ఈ గోడ మాత్రం వరసల మధ్య కొంచెం కదిలి, మళ్లీ తన చోట కూర్చుంటుంది. 1905 ఏప్రిల్ నాటి కాంగ్రా భూకంపం ఆ ప్రాంతాన్ని అతలాకుతలం చేసినా నగ్గర్ కోట నిలబడింది.

మనకు దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ చంద్రగిరిలోని రాజమహల్. అక్కడ రాయి, ఇటుక, సున్నమే తప్ప కట్టడంలో కలప వాడలేదు. ఇక్కడ కలప లేనిదే గోడ లేదు, సున్నమే లేదు. ఒకటి చూసినవారు రెండోది తప్పక చూడాలని నా అభిప్రాయం. ఎందుకంటే ఒక్కో ప్రాంతపు మేస్త్రీ తన చేతికి అందే సరుకుతో, తన నేల పెట్టే ఇబ్బందికి తగ్గట్టు ఎలా ఆలోచించాడో రెంటినీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. పైకప్పు మాత్రం మన కడప, బేతంచెర్ల వారికి పరాయిగా అనిపించదు. పలుచగా చీలిన పలకరాళ్లను ఒకదానిమీద ఒకటి వాలుగా పరిచిన కప్పు అది. నాపరాతి పనితో బతికే ఊళ్ల నుంచి వెళ్లినవారు దాని కింద నిలబడి మందం ఎంత, మేకు ఎక్కడ కొట్టారు అని ఆరా తీయడం నేను చూశాను.

వాకిట్లో జగతీ పట్ అనే చిన్న గుడి ఉంటుంది. లోపల ఉన్నది ఒక పెద్ద రాతి పలక. దేవతలు తేనెటీగల రూపంలో దాన్ని కొండ మీది నుంచి మోసుకొచ్చారని నమ్మకం. లోయకు పెద్ద కష్టం వచ్చినప్పుడు ఊరూరి దేవతల తరఫున వారి గూర్‌లు, అంటే దేవుడు పూని మాట్లాడేవారు, ఇక్కడ సభ చేరతారు. ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే కాదు. 2006లో లోయలో తలపెట్టిన ఒక భారీ స్కీయింగ్ ప్రాజెక్టు విషయంలో కూడా ఇలా సభ జరిగి, దేవతలు వద్దన్నారని ప్రకటించారు. అందువల్ల అది హోటల్ వాకిలి కదా అని చెప్పులతో ఆ గుడి అరుగు ఎక్కడం మర్యాద కాదు.

ఒక పూట ప్రయాణం ఎవరికి

మనాలీ నుంచి నగ్గర్‌కు ఎడమ ఒడ్డు రోడ్డు మీదుగా సుమారు 20 కిలోమీటర్లు. ఈ రోడ్డు ఇరుకు, కానీ ఆపిల్ తోటల మధ్యగా సాగుతుంది. కుడి ఒడ్డున ఉన్న జాతీయ రహదారి వెడల్పు, కానీ చూడటానికి ఏమీ ఉండదు. ఆ దారిన వెళ్తే పత్లీకుహల్ దగ్గర వంతెన దాటి 6 కిలోమీటర్లు పైకి ఎక్కాలి. డ్రైవర్లు సహజంగా రహదారినే ఎంచుకుంటారు కనుక, కనీసం ఒకవైపు ఎడమ ఒడ్డు దారిన తీసుకెళ్లాలని బండి మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి. ఎక్కాక చెబితే అదనపు కిరాయి మాట వస్తుంది.

పూట ప్రయాణానికి ఉన్న ఒకే ఒక ఇబ్బంది వేళ. మనాలీలో అందరి బండ్లూ టిఫిన్లయ్యాకే కదులుతాయి. కనుక పదకొండు నుంచి మూడు గంటల దాకా కోట వాకిలి క్రిక్కిరిసి ఉంటుంది, లోయ వైపు ఉన్న చెక్క వసారాలో నిలబడటానికి కూడా వంతు కోసం చూడాలి. పైగా ఆ వేళ వెలుతురు నెత్తిన పడి ఎదుటి మంచు కొండలు తెల్లబారిపోతాయి. ఉదయం ఎనిమిదికల్లా మనాలీలో బయలుదేరగలిగితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రెండు మూడు రోజులకు మించి సెలవు లేనివారికీ, పిల్లల దృష్టంతా అటల్ సొరంగం అవతలి మంచు మీదే ఉన్న కుటుంబాలకూ ఈ మార్గం చాలు. అలాంటివారిని బలవంతాన నగ్గర్‌లో ఒక రాత్రి ఉంచడం వల్ల ప్రయోజనం లేదు. పిల్లలు విసిగిపోతారు, పెద్దలు వాళ్లను సముదాయించడంతోనే అలసిపోతారు.

కోటలో గదా, ఊళ్లో బసా

రాత్రి ఉండాలనుకున్నవారికి అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. కోటలో గదులు పట్టుమని ఇరవై కూడా ఉండవు. అన్నీ ఒకలాంటివి కావు. లోయ వైపు గదికీ లోపలి వైపు గదికీ చాలా తేడా ఉంది. లోపలి వైపు గది తీసుకుంటే పాత కట్టడంలో పడుకున్నామన్న తృప్తి తప్ప, అదే డబ్బుకు ఊళ్లో దొరికే సౌకర్యం కూడా దక్కదు. కాబట్టి పర్యాటక సంస్థ వెబ్‌సైటులో గది బుక్ చేసేటప్పుడు ఏ వైపుదో, ఏ అంతస్తుదో తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. లోయ వైపు గది దొరకకపోతే కోటలో బస ఆలోచన మానుకోవడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

లోయ వైపు గది దొరికితే మాత్రం ఆ రాత్రికి పెట్టిన ఖర్చు వృథా కాదు. సాయంత్రం సందర్శకులు వెళ్లిపోయాక వాకిలి మొత్తం బస చేసినవారిదే. ఉదయం ఆరింటికి వసారాలో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, లోయలో ఇంకా చీకటి ఉండగానే ఎదుటి శిఖరాల మీద ఎండ పడటం కనిపిస్తుంది. దీనికి బదులుగా కొన్ని ఓర్చుకోవాలి. చెక్క నేల కనుక పై గదిలో ఎవరైనా నడిస్తే కింద గదిలో కిర్రుమంటుంది. గుమ్మాలు పొట్టివి, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవారు కింది అంతస్తు గది అడిగి తీసుకోవాలి. హంగులు కొత్త హోటళ్ల స్థాయిలో ఉండవు, ప్రభుత్వ హోటల్ నడిచే తీరులోనే పనులు జరుగుతాయి. వేడి నీళ్ల కోసం రెండుసార్లు చెప్పవలసి రావచ్చు. చిన్న విషయాలకు మనసు పాడుచేసుకునే స్వభావం ఉన్నవారికి ఇది నప్పదు.

ఊళ్లో చిన్న హోటళ్లూ, ఇళ్లలోనే గదులిచ్చే హోమ్‌స్టేలూ ఉన్నాయి. అయిదారుగురు ఉన్న కుటుంబానికి, ముఖ్యంగా పసిపిల్లలున్నవారికి, ఇవే మేలు. ఇంటివారి వంట దొరుకుతుంది. కులూ ప్రాంతపు ఎర్ర బియ్యం అన్నం, రాజ్మా, ఆవిరి మీద ఉడికించి నెయ్యితో పెట్టే సిద్దూ రుచి చూడటానికి హోటల్ కంటే ఇల్లే సరైన చోటు. గోధుమపిండిని పులియబెట్టి, లోపల గసగసాలో అక్రోటు పప్పో కూరి చేసే సిద్దూ కడుపు నింపుతుంది, కారం మాత్రం మన నాలుకకు చాలదు. పల్లీల పొడో, గోంగూర పచ్చడో ఒక సీసా వెంట ఉంటే మూడో రోజుకు ఇంటిల్లిపాదీ మిమ్మల్ని మెచ్చుకుంటారు. ఇలా ఊళ్లో ఉన్నవారు ఉదయం కోట తలుపు తెరవగానే వెళ్లి, మనాలీ బండ్లు రాకముందే తీరిగ్గా చూసి బయటపడవచ్చు. తక్కువ ఖర్చులో ఎక్కువ దక్కే మార్గం ఇదేనని నా లెక్క.

రాత్రి ఉండటానికి ఇంకో కారణం ఉంది. నగ్గర్‌లో కోట ఒక్కటే లేదు. కోటకు దిగువన రాతితో కట్టిన గౌరీశంకర ఆలయం, ఎగువన కలపతో మూడంచెల కప్పు వేసిన త్రిపురసుందరి ఆలయం ఉన్నాయి. రాతి శిఖరం, చెక్క గోపురం రెండూ ఒకే ఊళ్లో నడక దూరంలో చూడటం అరుదు. ఇంకాస్త పైకి వెళ్తే రష్యన్ చిత్రకారుడు నికోలస్ రోరిక్ ఇల్లు. 1928లో కుటుంబంతో ఈ లోయకు వచ్చి, 1947 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆయన గీసిన హిమాలయ చిత్రాలు కొన్ని ఆ ఇంటిలోనే ఉంచారు. ఆయన కుమారుడు స్వెతోస్లావ్ భార్య, నటి దేవికా రాణి, పుట్టింది మన వాల్తేరులో. ఆ దంపతులు తరువాత బెంగళూరు శివార్లలో స్థిరపడ్డారు. ఈ మూడూ చూడటానికి ఒక పూర్తి పూట కావాలి. మనాలీ నుంచి వచ్చే బండి డ్రైవరు అంతసేపు ఆగడు.

ఎప్పుడు వెళ్లాలి

మనకు వేసవి సెలవులు, వారికి రద్దీ కాలం ఒకేసారి వస్తాయి. మే నెలలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటాక అందరికీ మనాలీ గుర్తొస్తుంది, ఉత్తరాది వారికీ అప్పుడే గుర్తొస్తుంది. ఆ నెలలో కోట గది కావాలంటే చాలా ముందుగా చూసుకోవాలి. అదే ఏప్రిల్ మొదటి వారాల్లో వెళ్లగలిగితే ఆపిల్ చెట్లు పూత మీద ఉంటాయి, గదులూ సులభంగా దొరుకుతాయి. పిల్లల పరీక్షల గొడవ లేనివారికి అదే నేను సూచించే కాలం.

జూలై, ఆగస్టుల్లో వెళ్లవద్దు. 2023 జూలైలో బియాస్ పొంగి కులూ-మనాలీ రహదారిని చాలా చోట్ల కోసేసింది. వర్షాకాలంలో కొండచరియలు విరిగి బండ్లు గంటల తరబడి ఆగిపోవడం అక్కడ మామూలే.

దసరా సమయం చాలామందికి ఆశ పెడుతుంది. ఆకాశం తేటగా ఉంటుంది, చలి ఇంకా ముదరదు. అయితే కులూ దసరా మనకు పండుగ అయిపోయే విజయదశమి నాడు మొదలై ఏడు రోజులు సాగుతుంది. అంటే లోయలోని దేవతలందరూ పల్లకీల్లో కులూ పట్టణంలోని ఢాల్‌పూర్ మైదానానికి చేరే వేళకు మన బడులు తెరుస్తారు. ఆ ఉత్సవం చూడదలచినవారు ఆ తరువాతి వారానికి విడిగా సెలవు పెట్టుకోవాలి, గదులు కూడా పండుగ ధరకే దొరుకుతాయి. ఉత్సవం అక్కరలేదనుకునేవారికి అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య దాకా హాయి. జనవరి, ఫిబ్రవరిల్లో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోతుంది. పాత కట్టడంలో ఆ చలిని కాచుకోవడం పెద్దవారికి కష్టం.

ఇక్కడి నుంచి చేరే దారి

అనంతపురం, గుంతకల్లు, ఆదోని వారికి రైలులో నేరుగా ఢిల్లీకి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి ఎక్కితే మూడో రోజు ఉదయానికి చేరుస్తుంది. విమానమైతే అనంతపురం వారికి బెంగళూరు, కర్నూలు వారికి శంషాబాద్ దగ్గర. కడప వారు బెంగళూరు, చెన్నై ఛార్జీలు రెండూ చూసుకుని తేల్చుకోవాలి. విమానం ఢిల్లీకి కాక చండీగఢ్‌కు తీసుకుంటే కొండ ప్రయాణం కొన్ని గంటలు తగ్గుతుంది. కులూ దగ్గరి భుంతర్‌లో విమానాశ్రయం ఉన్నా, చిన్న విమానాలు, వాతావరణం మీద ఆధారపడిన రాకపోకలు కనుక తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు.

ఢిల్లీ నుంచి సాయంత్రం బయలుదేరే వోల్వో బస్సు రాత్రంతా నడిచి ఉదయం కులూ లోయ చేరుతుంది. అందరూ మనాలీ దాకా వెళ్లి దిగి, రెండు రోజుల తరువాత అదే దారిన వెనక్కి వచ్చి నగ్గర్ చూస్తారు. దానికి బదులు, మనాలీ కంటే ముందే వచ్చే పత్లీకుహల్‌లో దిగిపోండి. అక్కడి నుంచి టాక్సీలో నగ్గర్ పావుగంట, ఇరవై నిమిషాలు. మొదటి రోజు ప్రయాణపు బడలిక నగ్గర్ నిశ్శబ్దంలో తీరుతుంది, మర్నాడు ఎడమ ఒడ్డు దారిన మనాలీ చేరవచ్చు. బస్సు ఎక్కేటప్పుడే కండక్టరుకు చెప్పి, తెల్లవారుజామున నిద్రపోకుండా చూసుకోండి, ఎందుకంటే అడిగి లేపేవారు ఉండరు.

ఇలాంటివే మరో రెండు

కట్టడాల మీద నిజంగా ఆసక్తి ఉన్నవారు నగ్గర్‌తో ఆగనక్కరలేదు. బంజార్ సమీపంలోని చైనీ కోఠీ ఇదే పద్ధతిలో లేచిన ఎత్తైన గోపురం. నగ్గర్ పడక వేసిన ఇల్లయితే ఇది నిలబెట్టిన కావలి బురుజు. 1905 భూకంపంలో పైభాగం కొంత పోయినా, మిగిలినదే మెడ వెనక్కి వంచి చూడవలసినంత ఎత్తు. ఒకే దేవదారు మానుకు గాట్లు పెట్టి చేసిన మెట్లు నేల నుంచి తలుపు దాకా నిటారుగా వెళ్తాయి. దిగువ ఊళ్లో శృంగ ఋషి ఆలయం ఉంది. దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడే ఆయన. అక్కడి నుంచి కొండ ఎక్కి నడవాలి, కనుక కాళ్లలో సత్తువ ఉన్న యువకులకు నగ్గర్ కంటే ఇదే నచ్చుతుంది. లోపలికి ఎక్కనిస్తారని లెక్క వేసుకోకుండా, బయటి నుంచి చూడటానికే వెళ్లండి. మనాలీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు రహదారి మీద వచ్చే ఔట్ అనే ఊరి దగ్గర మలుపు తీసుకుంటే సరిపోతుంది.

రెండోది సరాహన్‌లోని భీమాకాళీ ఆలయం. బుషహర్ రాజుల కులదేవత గుడి, కలప రాతి పనితనంలో మూడింటిలోనూ సొగసైనది. కానీ అది సట్లెజ్ లోయలో, సిమ్లా అవతల సుమారు 170 కిలోమీటర్ల దూరాన ఉంది. కులూ ప్రయాణంలో దాన్ని కలపాలని చూస్తే రెండు రోజులు బండిలోనే గడుస్తాయి. సిమ్లా మీదుగా కిన్నౌర్ వెళ్లే ఆలోచన ఉన్నవారు నగ్గర్‌ను వదిలి దాన్నే పెట్టుకోవచ్చు. తోలు వస్తువులు బయట వదిలి, తలకు టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లాలి, టోపీలు గుడి దగ్గరే ఇస్తారు.